కెమెరా హాజరు పలకడం లేదా?

పిల్లలూ! ల్యాప్‌టాప్ మూత పై అంచున, నట్టనడుమ, మినపగింజంత కన్ను ఒకటి ఉంటుంది. చూశారు గదా? దూరాన ఉన్న నాన్నతో మాట్లాడేటప్పుడూ, ఇంటి నుంచే ఏదైనా ఇంటర్వ్యూకు కూర్చునేటప్పుడూ మన ముఖాన్ని అవతలివారికి చూపించేది అదే. నిన్నటిదాకా చక్కగా పనిచేసిన ఆ కన్ను ఇవాళ ఉన్నట్టుండి మూసుకుపోయిందనుకోండి. తెర మీద "కెమెరా ఏదీ దొరకలేదు" అన్న మాట కనిపిస్తుంది. కెమెరా కళ్ళెదుటే ఉంది. వేలు పెడితే తగులుతుంది. అయినా కంప్యూటరు మాత్రం లేదు పొమ్మంటుంది! అప్పుడు మీరేం చేస్తారు?

మీరేం చేస్తారో నాకు తెలియదు గాని, మీ చుట్టూ ఉన్నవాళ్ళు ఏం చెబుతారో మాత్రం చెప్పగలను. "ఫార్మాట్ కొట్టించెయ్, అదే వస్తుంది" అంటారు. అంటే కంప్యూటరులో ఉన్నదంతా తుడిచిపెట్టి, విండోస్‌ను మళ్ళీ మొదటి నుంచి ఎక్కించడం. కెమెరా రాకపోయినా ఫార్మాటే, స్పీకరు పలకకపోయినా ఫార్మాటే, కంప్యూటరు నెమ్మదించినా ఫార్మాటే! కడుపునొప్పికీ, కాలినొప్పికీ, కంటినొప్పికీ ఒకే మాత్ర ఇచ్చే వైద్యుడి దగ్గరకు మనం రెండోసారి వెళ్తామా? ఈ సలహాకు నేను పూర్తిగా వ్యతిరేకిని. ఎందుకు వ్యతిరేకినో చెప్పాలంటే, అసలు ఆ కన్ను అక్కడ ఉన్నట్టు కంప్యూటరుకు ఎలా తెలుస్తుందో ముందు చూడాలి.

ల్యాప్‌టాప్‌లో అమర్చిన కెమెరా చూడడానికి కంప్యూటరులో భాగంలాగే కనిపిస్తుంది. నిజానికి అది వేరే పరికరం. ఒక చిన్న పలుచటి పలక మీద కటకం, దాని వెనుక వెలుతురును విద్యుత్తుగా మార్చే చిప్పు, దాని పక్కన ఆ బొమ్మ సమాచారాన్ని సర్ది కంప్యూటరుకు పంపే మరో చిప్పు ఉంటాయి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఈ పలకకూ, కింద కీబోర్డు అడుగున ఉన్న ప్రధాన బోర్డుకూ మధ్య ఉన్న సంబంధం యూఎస్‌బీ. మనం పెన్‌డ్రైవు గుచ్చే ఏర్పాటే ఇది. కాకపోతే ఇక్కడ గుచ్చే పని ఫ్యాక్టరీలోనే జరిగిపోయింది. (కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఫోన్లలో ఉండే వేరొక పద్ధతి వాడుతున్నారు. దాని సంగతి తరువాత.)

ఈ యూఎస్‌బీ ఏర్పాటు 1996లో వచ్చింది. అంతకు ముందు ప్రింటరుకు ఒక రకం రంధ్రం, మౌస్‌కు మరో రకం, కీబోర్డుకు ఇంకో రకం ఉండేవి. ఏది ఎందులో గుచ్చాలో తెలియక జనం తికమకపడేవారు. అన్నిటికీ ఒకే రంధ్రం ఉండాలని పట్టుబట్టి సాధించినవారిలో ముఖ్యుడు అజయ్ భట్. ఆయన వడోదరలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో చదువుకుని, అమెరికా వెళ్ళి ఇంటెల్ సంస్థలో పనిచేశారు.

ఒకే రంధ్రంలోకి ఎవరైనా రావచ్చు అన్నప్పుడు, వచ్చినవారెవరో అడిగి తెలుసుకోవాలి గదా? అందుకని యూఎస్‌బీలో ఒక ఆచారం పెట్టారు. అది అచ్చం మన తరగతి గదిలో హాజరు పిలవడం లాంటిది. పొద్దున్నే మాష్టారు హాజరు పట్టీ తీస్తారు, పేరు పిలుస్తారు, మీరు "ప్రెజెంట్ సార్" అంటారు. కంప్యూటరు కూడా అంతే.

ఇది ఎలా జరుగుతుందో చూడండి. పదో తరగతి వారికి ఇందులో మంచి లెక్క ఒకటి ఉంది. యూఎస్‌బీలో వార్తలు మోసే తీగలు రెండు. కంప్యూటరు వైపున ఆ రెండు తీగలనూ 15,000 ఓముల నిరోధాల ద్వారా భూమికి, అంటే సున్నా వోల్టులకు కలిపి ఉంచుతారు. కాబట్టి అవతల ఎవరూ లేకపోతే తీగల మీద సున్నా వోల్టులే ఉంటాయి. కెమెరా మేలుకోగానే తన వైపు నుంచి ఒక తీగను 1,500 ఓముల నిరోధం ద్వారా 3.3 వోల్టులకు కలుపుతుంది. ఇప్పుడు రెండు నిరోధాలు శ్రేణిలో ఉన్నాయి. మొత్తం 16,500 ఓములు. కంప్యూటరు వైపు నిరోధం మీద ఎన్ని వోల్టులు పడతాయి? 3.3ను 15,000తో హెచ్చించి 16,500తో భాగించండి. సరిగ్గా 3 వోల్టులు! సున్నా ఉన్న చోట 3 వచ్చింది. "ఎవరో వచ్చారు" అని కంప్యూటరుకు అట్లా తెలుస్తుంది. "కెమెరా దొరకలేదు" అన్న మాటకు అడుగున ఉన్నది మీరు బల్ల మీద చేసే ఓమ్ నియమమే అన్న మాట.

ఆ తరువాత కంప్యూటరు "నీ పేరేమిటి?" అని అడుగుతుంది. కెమెరా తన తయారీదారు సంఖ్యనూ, తన రకం సంఖ్యనూ చెబుతుంది. కంప్యూటరు దానికి 1 నుంచి 127 లోపు ఒక వరుస సంఖ్య ఇస్తుంది. ఇక అప్పటి నుంచి ఆ సంఖ్యతోనే పిలుపులు. ఇదంతా మనం కుర్చీ సర్దుకుని కూర్చునేలోగా ముగిసిపోతుంది.

పేరు చెప్పగానే సరిపోదు. దాని భాష తెలిసినవాడు ఒకడు కావాలి. ఆ దుబాసీనే డ్రైవరు అంటారు. ఒకప్పుడు ప్రతి కెమెరాకూ ఒక ప్రత్యేక దుబాసీ ఉండేవాడు, ఆ సీడీ పోతే కెమెరా మూగబోయేది. 2003లో వీడియో పరికరాలన్నిటికీ కలిపి ఒక ఉమ్మడి భాష రూపొందించారు. యూఎస్‌బీ వీడియో క్లాస్ అని దాని పేరు. దానితో ఒకే దుబాసీ చాలా కెమెరాలతో మాట్లాడగలిగాడు. ఆ దుబాసీ విండోస్‌లో ముందే ఉంటాడు. 2008 నుంచి లినక్స్‌లోనూ ఉన్నాడు. అందువల్ల కెమెరా పోగానే "ఉచిత డ్రైవర్లు" అని పిలిచే ఊరూ పేరూ లేని సాఫ్ట్‌వేర్లను దింపుకోవడం వట్టి తెలివితక్కువ పని. ఇంట్లో దుబాసీ ఉండగా, సంతలో కనబడిన అపరిచితుడికి తాళంచెవులు ఇచ్చినట్టు! కావాలంటే కంప్యూటరు తయారీదారు దగ్గరే అడగండి, మరెక్కడా వద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. "కెమెరా పనిచేయడం లేదు" అన్న ఒక్క మాట వెనుక వేరువేరు జబ్బులు దాగి ఉంటాయి. హాజరు ఉదాహరణతోనే చూడండి. పిల్లవాడు అసలు బడికే రాలేదు, అదొక సంగతి. వచ్చాడు గాని, గది బయట నిలబెట్టారు, అది వేరు. లోపలే ఉన్నాడు గాని, ముఖానికి పుస్తకం అడ్డం పెట్టుకున్నాడు, అది మరీ వేరు. మూడింటికీ ఒకే మందు పనిచేస్తుందా?

ముఖానికి పుస్తకం అడ్డం పెట్టుకున్నవాణ్ణి పట్టుకోవడం తేలిక. బొమ్మ పూర్తిగా నల్లగా వస్తుంది గాని, "దొరకలేదు" అన్న మాట రాదు. చాలా ల్యాప్‌టాప్‌లలో కెమెరా పైన జరిపే చిన్న తలుపు ఉంటుంది. అది మూసుకుని ఉందేమో చూడండి. కొన్నిటిలో పక్క అంచున గాని, కీబోర్డు మీద గాని కెమెరా గుర్తు ఉన్న మీట ఉంటుంది. ఇక్కడొక తిరకాసు ఉంది. కొన్ని మీటలు బొమ్మను మాత్రమే ఆపుతాయి. కొన్ని కెమెరాకు విద్యుత్ సంబంధాన్నే తెంచేస్తాయి, అప్పుడు కెమెరా హాజరు పట్టీ నుంచే మాయమవుతుంది. తలుపు, మీట చూడకుండా మిగిలినవన్నీ చూడడం, గొళ్ళెం తీయకుండా తలుపు ఎందుకు తెరుచుకోదని వడ్రంగిని పిలవడమే.

విండోస్ సెట్టింగుల్లో ప్రైవసీ అన్న చోట కెమెరా వాడుకోవడానికి ఎవరెవరికి అనుమతి ఉందో రాసి ఉంటుంది. అది కూడా చూడాలి. వైరసుల నుంచి కాపాడే కొన్ని సాఫ్ట్‌వేర్లు కూడా కెమెరాకు కాపలా కాస్తూ ఎవరినీ దగ్గరకు రానివ్వవు.

ఇవన్నీ సరిగానే ఉంటే హాజరు పట్టీయే తెరిచి చూద్దాం. స్టార్ట్ గుర్తు మీద మౌస్ కుడి మీట నొక్కితే వచ్చే పట్టికలో "డివైస్ మేనేజర్" ఉంటుంది. అదే కంప్యూటరు హాజరు పట్టీ. అందులో "కెమెరాస్" అని గాని, "ఇమేజింగ్ డివైసెస్" అని గాని శీర్షిక ఉందేమో చూడండి. ఉంటే, దాని కింద పేరు మీద రెండుసార్లు నొక్కండి. జబ్బు ఏమిటో ఒక సంఖ్యతో సహా అక్కడ రాసి ఉంటుంది. ఈ సంఖ్యలను చూసి భయపడి కిటికీ మూసేసేవారే ఎక్కువ. నన్నడిగితే మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా నిజాయితీగా మాట్లాడేవి ఆ సంఖ్యలే.

22 అని ఉంటే పిల్లవాణ్ణి ఎవరో గది బయట నిలబెట్టారన్న మాట. "ఎనేబుల్" నొక్కి లోపలికి పిలవండి. 28 అంటే వచ్చాడు, పేరు చెప్పాడు, దుబాసీ లేడు. 43 అని ఉండి, పేరుకు బదులు "గుర్తు తెలియని యూఎస్‌బీ పరికరం" అని రాసి ఉంటే? ఎవరో లేచి నిలబడ్డారు, పేరేమిటంటే నోరు పెగలడం లేదు! అంటే తీగ మీద 3 వోల్టులు వచ్చాయి గాని, ఆ తరువాతి ప్రశ్నలకు జవాబు రాలేదు. కెమెరా పలకలోనో, దాని తీగలోనో ఏదో తేడా ఉందని అప్పుడు అనుమానించాలి.

శీర్షికే లేకపోతే "వ్యూ" నొక్కి "షో హిడెన్ డివైసెస్" ఎంచుకోండి. వెలిసిపోయిన గుర్తుతో కెమెరా పేరు కనబడి, దానికి 45 అన్న సంఖ్య ఉందనుకోండి. దాని అర్థం, ఈ పేరు పట్టీలో ఉంది, ఇంతకు ముందు బడికి వచ్చాడు, ఇవాళ మాత్రం రాలేదు. ఈ వెలిసిపోయిన పేరు మనకు ఎంత సమాచారం ఇచ్చిందో చూడండి! కంప్యూటరు కెమెరాను మరచిపోలేదు. పిలుస్తూనే ఉంది. బదులే రావడం లేదు.

ఇక్కడి నుంచి రెండు దారులున్నాయి. తప్పు పిలిచేవాడి వైపు ఉందా, పలకవలసినవాడి వైపు ఉందా?

వినాయక చవితి పందిట్లో కట్టే సీరియల్ సెట్టు మీకు తెలుసు. అన్ని బల్బులూ ఒకే తీగ మీద వరుసగా ఉంటాయి. ఒక్కటి మాడితే అన్నీ ఆరిపోతాయి. 32 బల్బుల్లో మాడినది ఏదో ఎలా పట్టాలి? ఒక్కొక్కటే చూస్తూపోతే 31సార్లు చూడవలసి రావచ్చు. తెలిసిన ఎలక్ట్రీషియన్ అట్లా చేయడు. నట్టనడుమ చూస్తాడు. అక్కడిదాకా కరెంటు వస్తోందంటే మొదటి 16 బల్బులూ మంచివే, తప్పు రెండో సగంలో ఉంది. ఆ సగంలో మళ్ళీ సగం దగ్గర చూస్తాడు. 32, 16, 8, 4, 2, 1. అయిదు పరీక్షల్లో దొంగ దొరికిపోతాడు! (ఇది పెద్దవాళ్ళు చేస్తుంటే చూడండి. కరెంటు ఉన్న తీగల జోలికి మీరు వెళ్ళవద్దు.)

కెమెరా విషయంలో ఆ నట్టనడుమ చోటు ఏది? ఒక వైపు విండోస్, దాని సెట్టింగులు, దుబాసీలు. ఇంకో వైపు కెమెరా పలక, తీగ, బోర్డు. ఈ రెంటినీ విడదీసే ప్రశ్న ఒకటి ఉంది. "విండోస్‌ను పక్కకు తప్పించి చూస్తే కెమెరా పలుకుతుందా?"

ఫార్మాట్ చేయించేవాడు కూడా తెలియకుండానే ఈ ప్రశ్నే అడుగుతున్నాడు. పాత విండోస్ తీసేసి కొత్తది పెట్టి చూస్తున్నాడు. ప్రశ్న మంచిదే. అడిగే పద్ధతే దారుణం. చెరువులో చేపలు ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి చెరువంతా తోడేయడం లాంటిది. ఇదే ప్రశ్నకు ఒక పెన్‌డ్రైవుతో, ఒక్క అక్షరం కూడా చెరిపేయకుండా జవాబు రాబట్టవచ్చు. లినక్స్‌ను పెన్‌డ్రైవు మీద పెట్టుకుని, దానితోనే కంప్యూటరును మేల్కొలపవచ్చు. "ఎక్కించకుండా వాడి చూడు" అన్న దారి ఎంచుకుంటే లోపలి డిస్కు జోలికి అది వెళ్ళదు. అక్కడ కెమెరా బొమ్మ కనబడిందా? కెమెరా మంచిదే, తీగ మంచిదే, తప్పు విండోస్‌లో ఉంది. అక్కడా కనబడలేదా? అయితే విండోస్‌ను వందసార్లు మార్చినా ఒరిగేదేమీ లేదు.

ఈ పరీక్షకు రెండు జాగ్రత్తలు. విండోస్‌కు బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే, దాని రికవరీ కీ ముందుగా కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఇంట్లో పెద్దవారినో, మీ కంప్యూటరు మాష్టారునో పక్కన కూర్చోబెట్టుకోండి. రెండోది, ఇందాక తరువాత చెబుతానన్న కొత్త ల్యాప్‌టాప్‌ల సంగతి. వాటి కెమెరాలతో మాట్లాడే దుబాసీ లినక్స్‌లో లేకపోవచ్చు. అప్పుడు కెమెరా బాగున్నా బొమ్మ రాదు. ఏ పరీక్ష అయినా, బాగున్న వస్తువు మీద ఏం చూపిస్తుందో తెలిసి ఉంటేనే పాడైన వస్తువు మీద దాని మాట నమ్మాలి. వీలుంటే అదే రకం ల్యాప్‌టాప్, బాగా పనిచేసేది, ఒకటి తెచ్చి దాని మీద కూడా చూడండి.

పెన్‌డ్రైవు లేకపోతే మరో చిన్న ఉపాయం ఉంది. ఎవరి దగ్గరైనా విడిగా దొరికే యూఎస్‌బీ కెమెరా తెచ్చి గుచ్చండి. అది వెంటనే పనిచేస్తే హాజరు పిలిచేవాడు బాగానే ఉన్నాడు, దుబాసీ కూడా మేలుకునే ఉన్నాడు. లోపలి కెమెరా, దాని తీగ, దాని మీట, ఈ మూడే అనుమానితులుగా మిగులుతాయి.

ఈ పరీక్షలకు ముందే ప్రతి ఒక్కరూ "ఆపి మళ్ళీ వెయ్" అంటారు. మంచి సలహాయే. కాని ఎలా ఆపాలన్నది తెలియాలి. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి, చాలా కంప్యూటర్లలో "షట్‌డౌన్" నొక్కితే కంప్యూటరు పూర్తిగా ఆగిపోదు. త్వరగా లేవడానికి వీలుగా, తన లోపలి స్థితిని, దుబాసీలతో సహా, డిస్కులో దాచుకుని పడుకుంటుంది. మర్నాడు దానినే తీసి వాడుకుంటుంది. నిన్నటి తికమక కూడా దానితోపాటే లేస్తుంది! "రీస్టార్ట్" నొక్కితేనే అన్నీ కొత్తగా మొదలవుతాయి. వారం రోజులుగా రోజూ షట్‌డౌన్ చేస్తున్నా కెమెరా రాలేదని బాధపడేవారు ఒక్కసారి రీస్టార్ట్ చేసి చూడాలి. అప్పటికీ రాకపోతే, షట్‌డౌన్ చేసి, ఛార్జరు పీకి, పవర్ మీటను ముప్ఫై సెకన్లు నొక్కి పట్టుకోవాలి. లోపల కెపాసిటర్లలో మిగిలిన విద్యుత్తు ఖర్చయిపోయి, మధ్యలో చిక్కుకుపోయిన చిప్పులు మళ్ళీ మొదటి నుంచి లేస్తాయి.

ఒక్క నియమం మాత్రం గట్టిగా పాటించండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చిన వెంటనే చూడండి. చూసినది రాయండి. డ్రైవరు మార్చి, సెట్టింగు మార్చి, మీట నొక్కి, రీస్టార్ట్ కూడా చేసిన తరువాత కెమెరా వచ్చిందనుకోండి. ఎందుకు వచ్చింది? ఎవరూ చెప్పలేరు. వచ్చే నెల మళ్ళీ పోతే, మళ్ళీ నాలుగూ చేయాల్సిందే. లోలకం ప్రయోగంలో దారం పొడవూ గుండు బరువూ ఒకేసారి మార్చి డోలనావర్తన కాలం ఎందుకు మారిందో చెప్పమంటే మీరు నవ్వరా?

మా పాఠశాలలో పదో తరగతి అమ్మాయి ఒకతె ఊరి చెరువు దగ్గర పక్షులను నాలుగు నెలలపాటు గమనించింది. ఏ రోజు ఎన్ని కొంగలు వచ్చాయి, గోరింకలు ఎప్పుడు గూళ్ళకు చేరాయి, అన్నీ పట్టికలు వేసి, ఫోటోలతో సహా అన్నగారి ల్యాప్‌టాప్‌లో దాచుకుంది. సైన్సు ప్రదర్శనకు వీడియోలో ఇంటర్వ్యూ అన్నారు. అప్పుడే కెమెరా పోయింది. అన్న దానిని ఒక దుకాణానికి తీసుకెళ్ళాడు. వాళ్ళు ఏమీ అడగలేదు. ఫార్మాట్ చేసి, డబ్బు తీసుకుని ఇచ్చారు. నాలుగు నెలల కొంగలూ, గోరింకలూ ఎగిరిపోయాయి. కెమెరా మాత్రం రాలేదు. డివైస్ మేనేజర్‌లో దాని పేరే లేదు. కొత్తగా ఎక్కించిన విండోస్‌కు పాత జ్ఞాపకం ఉండదు గదా, ఆ వెలిసిపోయిన పేరు కూడా పోయింది. అంటే ఫార్మాట్ ఆ అమ్మాయి పనిని మాత్రమే కాదు, జబ్బు ఆనవాలును కూడా చెరిపేసింది!

మర్నాడు స్టాఫ్‌రూములో ఆ ల్యాప్‌టాప్ పెట్టుకుని పిల్లలమూ పెద్దలమూ చుట్టూ చేరాం. ఒక కుర్రవాడు మూతను మెల్లగా వెనక్కి వంచుతున్నాడు. ఒక కోణం దగ్గర, యూఎస్‌బీలో ఏదైనా గుచ్చితే వచ్చే "టిడింగ్" చప్పుడు వినిపించింది. ఇంకొంచెం వంచగానే, పీకితే వచ్చే చప్పుడు. మేమెవరం ఏమీ గుచ్చలేదు, పీకలేదు! మూతను మళ్ళీ అదే కోణానికి తెచ్చాడు, మళ్ళీ టిడింగ్. మూడుసార్లు చేశాడు, మూడుసార్లూ వచ్చింది. ఇంకేం కావాలి? కెమెరా నుంచి వచ్చే తీగ మూత కీలు గుండా కిందికి దిగుతుంది. అది కీలు దగ్గర తెగింది, లేదా అక్కడి కదలికకు ఎక్కడో సంబంధం వదులైంది. ఆ ల్యాప్‌టాప్‌ను విప్పిన మెకానిక్ చూపించింది తెగిన తీగనే.

తీగ కీలు దగ్గరే ఎందుకు తెగుతుంది? ఒక జెమ్ క్లిప్పు తీసుకుని, ఒకే చోట అటూ ఇటూ వంచుతూ లెక్కపెట్టండి. కొద్దిసార్లకే విరిగిపోతుంది. ఒక్కసారి వంచితే విరగనిది, మళ్ళీమళ్ళీ వంచితే ఎందుకు విరిగింది? లోహం అలసిపోయింది! నవ్వకండి, లోహపు అలసట అన్నది శాస్త్రవేత్తల మాటే. జర్మనీలో రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో తెలుసుకోవడానికి ఆగస్ట్ వోలర్ అనే ఇంజనీరు 1850, 60లలో ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశాడు. ఒక్కసారి మోయగలిగిన బరువు కన్నా చాలా తక్కువ బరువైనా, లక్షలసార్లు పడితే ఇరుసు విరుగుతుందని చూపించాడు. కంటికి కనబడని చిన్న బీట ఒకటి పుడుతుంది. ప్రతి వంపుకూ అది రవ్వంత పెరుగుతుంది.

ఇప్పుడు ల్యాప్‌టాప్ లెక్క వేయండి. రోజుకు ఎనిమిదిసార్లు మూత తీసి వేస్తారనుకుందాం. ఏడాదికి 300 రోజులు, మూడేళ్ళు. 7,200సార్లు! మరి అన్ని ల్యాప్‌టాప్‌లూ మూడేళ్ళకే పాడైపోవాలి గదా? పోవు, ఎందుకంటే ఆ తీగలను వెంట్రుకలంత సన్నగా చేస్తారు. తీగ ఎంత సన్నమైతే, వంగినప్పుడు దాని పైపొర అంత తక్కువ సాగుతుంది. సైకిలు బ్రేకు తీగను విప్పి చూడండి. ఒకే లావుపాటి తీగ ఉండదు, ఎన్నో సన్నటి పోగులు పేనినట్టు ఉంటాయి. ఆ ఉపాయమే ఇదీ. కాని మూతను ఒక మూల పట్టుకుని ఎత్తితే కీలు మెలితిరుగుతుంది. తీగ తన దారి తప్పి ఎక్కడో నలుగుతుంది. అందుకే మూతను మధ్యలో పట్టుకుని తీయండి.

విప్పి చూద్దామని మాత్రం మీరు స్క్రూడ్రైవరు పట్టుకోకండి. తెర అద్దం పలుచన, లోపల బ్యాటరీ ఉంటుంది. ఆ పని తెలిసినవారిది. మంచి మెకానిక్ ఎవరో గుర్తుపట్టడం కూడా కష్టం కాదు. "ఎప్పటి నుంచి రావడం లేదు? అంతకు ముందు ఏం మారింది? మూత కదిపితే ఏమైనా తేడా ఉందా? లోపల ఉన్నవి దాచుకున్నారా?" అని అడిగేవాడు మంచి మెకానిక్. ఏమీ అడగకుండా ఫార్మాట్ మీదికి చేయి పోనిచ్చేవాడి దగ్గర నుంచి ల్యాప్‌టాప్ వెనక్కి తెచ్చుకోండి.

నా తోటి ఉపాధ్యాయులు కొందరు "పిల్లలకు ఇదంతా ఎందుకండీ, సిలబస్‌లో లేదు గదా" అంటారు. లేకపోవడమే నాకు బాధ. మన ప్రయోగశాలలో చేయించే ప్రయోగాలన్నీ ముందే జవాబు తెలిసినవి. బల్బు వెలగాలి, వెలుగుతుంది, మార్కులు పడతాయి. వెలగని బల్బుకు మార్కులు లేవు! బల్బు వెలగకపోతే పక్క బల్ల మీది రీడింగులు చూసి రాసుకునే పిల్లలు ఎందరో. వెలగని సర్క్యూటునే బల్ల మీద పెట్టి, ఎందుకు వెలగలేదో కనిపెట్టమని పరీక్ష పెట్టాలంటాను నేను. ఒకదానిలో చచ్చిన సెల్లు, ఒకదానిలో మాడిన బల్బు, ఒకదానిలో ప్లాస్టిక్ తొడుగు లోపలే తెగిన తీగ, ఇంకొకదానిలో తుప్పు పట్టిన మీట. జవాబుకు సగం మార్కులు, ఏ వరుసలో వెతికారో రాసినందుకు సగం. ఖర్చు ఏముంది? మన బీరువాల్లో పాడైన సామానుకు కొదవ లేదు గదా!

ఆ అమ్మాయి ఇంటర్వ్యూ సంగతి చెప్పలేదు. ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన యూఎస్‌బీ కెమెరాను మూత పైన తగిలించి కూర్చుంది. విడి కెమెరా దొరకకపోతే ఫోనునే కంప్యూటరుకు కెమెరాగా వాడుకునే ఏర్పాటు విండోస్ 11లో ఉంది. పట్టికలు పోయాయి గాని, చేత్తో రాసుకున్న చెరువుగట్టు నోటుపుస్తకం ఆమె సంచీలోనే ఉంది. మొదటి రెండు నెలల లెక్కలు అందులో దొరికాయి. మిగిలిన రెండు నెలలవి దొరకలేదు.